వారానికో చీటీ... వారానికో ఫొటో!

"రాసింది బాగుందండీ. కాని మీరు పంపిన ఫొటోలు మాత్రం రేషన్ కార్డు కోసం తీయించినట్టున్నాయి!"

ఫోన్లో ఆ మాట అన్నది ఒక పత్రిక వారు. పేరెందుకు లెండి, అన్నది నిజమే అయినప్పుడు అన్నవాళ్ళ మీద కోపం దేనికి? ఫ్రీలాన్సు జర్నలిస్టు అంటే మీలో కొందరికి గొప్పగా కనిపించొచ్చు. అసలు సంగతి ఏమిటంటే, మాటా మనదే, ఫొటో మనదే, బస్సు చార్జీ కూడా మనదే! ఈ మూడింట్లో ఒకటి తేలిపోయినా మిగతా రెండూ దండగే. ఆ వారం నా వ్యాసం అచ్చు కాలేదు.

మొహం వేలాడేసుకుని మా కొత్తవలసలో ఒక ఫొటో స్టూడియోకి వెళ్ళి కూర్చున్నాను. దాని యజమాని నాకు వరసకు మావయ్యేం కాదు. ఊరందరికీ మావయ్యే! ముప్ఫై అయిదేళ్ళుగా ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ ఆయన కంటిలోంచి పోయినవే. నా ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూశాడు. చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అల్లుడూ, నీ కెమేరాకి జబ్బేటీ లేదు. నీకే సూడ్డం రాదు" అన్నాడు.

చూడ్డం రాకపోవడమేమిటి? వారానికి రెండు సినిమాలు చూసేవాణ్ణి! కాని ఎదురు చెప్పలేదు. ఈమధ్య ప్రపంచమంతటా కుర్రకారు చేస్తున్న 52 వారాల ఛాలెంజ్ సంగతి చెప్పాను. వారానికో అంశం తీసుకుని, ఏడాది పొడుగునా ఆ అంశం మీద వారానికో ఫొటో తీయాలి. మావయ్యకు ఆ మాట నచ్చింది. నచ్చిందంటే ఇక వదలడు. అప్పటికప్పుడు 52 కాగితపు ముక్కలు చించి, ఒక్కోదాని మీద ఒక్కో మాట రాసి, ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి మూత బిగించాడు.

షరతులు మూడే. ఆదివారం సాయంత్రం మా అప్ప కూతురు సీసాలోంచి చీటీ తీస్తుంది. వచ్చే ఆదివారంలోగా దాని మీద ఒకే ఒక్క ఫొటో తెచ్చి చూపించాలి, రెండోది చూపిస్తే మొదటిదీ చెల్లదు. మూడోది అన్నింటికంటె కష్టం. ఫొటో పక్కన నిలబడి కథ చెప్పకూడదు! అదేమిటో చూసినవాడికే తెలియాలి.

నా దగ్గర వున్నది పాత కెమేరా, దానికి 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటి. జూమ్ లేదు. దగ్గరికి కావాలంటే కాళ్ళతో నడవాల్సిందే. ఆ మహానుభావుడు హెన్రీ కార్టియె బ్రెసాన్ జీవితంలో ఎక్కువ ఫొటోలు 50 లెన్సుతోనే తీశాడని తలుచుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

చందమామ తిరగేస్తే...

మీ ఇంట్లో పెద్దవాళ్ళనడగండి, 'చందమామ'లో ఫొటో వ్యాఖ్యల పోటీ అని వుండేది. రెండు ఫొటోలు అచ్చేసి, రెంటికీ జత కుదిరేట్టు చెరొక వ్యాఖ్య రాసి పంపమనేవారు. బొమ్మ వాళ్ళిస్తారు, మాట మనమివ్వాలి. మా సీసా వ్యవహారం సరిగ్గా దానికి తలకిందులు. మాట సీసా ఇస్తుంది, బొమ్మ నేనివ్వాలి.

సినిమా భాషలో చెప్పాలంటే పాటకు 'సందర్భం' చెప్పడం లాంటిదన్నమాట. ఏదో ఒక పాట రాయవయ్యా అంటే కవికి కలం సాగదు. హీరో అలిగాడు, హీరోయిన్ కిటికీ దగ్గర వుంది, బయట వాన అన్నారనుకోండి, పల్లవి దానంతటదే వస్తుంది. కెమేరా కూడా అంతే. ఏదైనా తియ్యొచ్చు అన్నంత కాలం నేను ఏమీ తీయలేదు. ఇదొక్కటే తియ్యాలి అన్న రోజున చుట్టుపక్కలంతా కనపడ్డం మొదలైంది.

మొదట్లో మాత్రం కనపడలేదు సుమండీ! మొదటి చీటీ 'ఎరుపు'. ఏముంది, సంతకెళ్ళి మిరపకాయల రాశి తీసుకొచ్చాను. మావయ్య ఒక్క చూపు చూసి, "ఈ బొమ్మ నీకంటె ముందు వెయ్యిమంది తీసీసినారు. నీదేటున్నాది ఇందులో?" అన్నాడు. పైగా మిట్టమధ్యాహ్నం తీశానేమో, మిరపకాయలు తెల్లగా పాలిపోయి వున్నాయి.

ఆ రోజు ఆయన చెప్పిన చిట్కా మీకూ చెబుతాను. పాతకాలపు ఫిల్ము ఫొటోగ్రాఫర్లందరికీ నోటికొచ్చిన లెక్క ఇది. నిండు ఎండలో అపెర్చర్ 16 దగ్గర పెట్టండి. ఐఎస్‌ఓ 100 అయితే షట్టరు సెకనులో నూరోవంతు, 200 అయితే రెండువందలో వంతు. మీటరు చూడకుండానే వెలుతురు సరిపోతుంది. అపెర్చర్ అంటే లెన్సు కనుపాప. షట్టరు అంటే కనురెప్ప. ఐఎస్‌ఓ అంటే వెలుతురు పట్ల కెమేరాకున్న ఆకలి. ఈ మూడింటి దాగుడుమూతలే ఫొటోగ్రఫీ అంతా!

రైలు కదిలింది, నేను కదల్లేదు

ఆరో వారం చీటీ 'వేగం'. కొత్తవలసలో వుండి వేగం కోసం ఎక్కడికో పోవాలా? మాది జంక్షను. హౌరా - చెన్నై లైను మీద వున్న మా స్టేషనులోనే కిరండుల్ లైను విడిపోతుంది. బైలదిల్లా కొండల ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చి, జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960లలో వేసిన లైను అది. ఇక్కణ్ణుంచి శృంగవరపుకోట దాటి, సొరంగాల్లో దూరుతూ, బొర్రా మీదుగా, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తునున్న శిమిలిగుడ స్టేషను దాకా ఎక్కి, అరకులో దిగుతుంది. 2017లో అద్దాల పెట్టె తగిలించిన దగ్గర్నుంచి యాత్రికులు కెమేరాలు పట్టుకుని ఆ దారినే పోతున్నారు. మా ఊళ్ళో మాత్రం ఎవరూ దిగరు!

ప్లాట్‌ఫారం మీద నిలబడి గూడ్సు బండిని వంద సార్లు కొట్టాను. (పట్టాల దగ్గరికి మాత్రం వెళ్ళకండి తమ్ముళ్ళూ! ఒక్క ఫొటో కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.) షట్టరు వేగంగా పెడితే ఆ బండి ఎప్పుడో ఆగిపోయిన బండిలా వుంది. నెమ్మదిగా పెడితే అంతా అలికేసినట్టుంది. సెకనులో ముప్ఫయ్యో వంతు పెట్టి, బండితో పాటు కెమేరానీ తిప్పితే బండి తేటగా, వెనకున్నదంతా గీతలుగా రావాలి. పుస్తకంలో అలాగే వుంది. నా చేతికి రాలేదు.

శనివారం సాయంకాలం మబ్బు పట్టింది. విసుగొచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. ఎదురుగా కొండచీపుర్ల కట్ట పక్కన పెట్టుకుని ఒక పెద్దావిడ ప్యాసింజరు కోసం చూస్తోంది. ఆమె వెనక నుంచి ఇనుపరాయి బండి ధడధడమని పోతోంది. పెట్టె మీద పెట్టె. ఆమె తల కూడా తిప్పలేదు. సెకనులో పదిహేనో వంతు పెట్టి, మోచేతులు మోకాళ్ళకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాను. ఆమె రాయిలా నిలిచింది, బండి నీళ్ళలా పారింది. తర్వాత వెళ్ళి తెరమీద చూపించి, "తీశానమ్మా, వుంచుకోనా?" అని అడిగాను. "వుంచుకో బాబూ, నాకేటి! కట్ట ఏభై రూపాయలు, అదీ వుంచుకో" అంది. వుంచుకున్నాను. మా ఇంట్లో ఆ చీపుర్లింకా అరగలేదు.

మావయ్య ఆ ఫొటో చూసి ఏమీ అనలేదు. టీ చెప్పాడు. ఆయన దగ్గర అదే నంది అవార్డు!

పద్దెనిమిదో వారం 'ఎత్తు' వచ్చింది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఆ వారమే. దసరా వెళ్ళిన తర్వాతి మంగళవారం జరుగుతుంది కదా. సిరిమాను చివర, ఆకాశంలో కూర్చున్న పూజారిని తీయడానికి వేలకొద్దీ సెల్‌ఫోన్లు పైకి లేచాయి. నేనూ ఎత్తాను. ఎత్తి, మిరపకాయలు గుర్తొచ్చి దించేశాను. వెనక్కి తిరిగాను. ఒక తండ్రి భుజాల మీద పిల్ల, ఆ పక్కన ఒక ముసలమ్మ, మేడల మీద జనం... అందరి గడ్డాలూ పైకే వున్నాయి. సిరిమాను ఎంత ఎత్తో ఆ మెడలే చెబుతున్నాయి. ఆ ఫొటోలో సిరిమాను లేదు. అయినా చూసినవాళ్ళందరూ, "పైడితల్లి పండగేనా?" అని అడిగారు.

మధ్యలో దెబ్బతిన్న వారాలూ వున్నాయి. 'వాసన' అనే చీటీ వచ్చిన వారం ఏమీ తేలేక ఖాళీ చేతులతో వెళ్ళాను. 'నిశ్శబ్దం' అన్నప్పుడు పడుకున్న కుక్కను తెచ్చి చీవాట్లు తిన్నాను. ఇలా ముప్ఫయ్యో వారం దాకా లాక్కొచ్చాక ఆ చీటీ వచ్చింది.

'చీకటి'

మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన సినిమాహాల్లో ఆపరేటరు. పాతికేళ్ళ పైచిలుకు ప్రొజెక్టరు దగ్గరే బతికాడు. తెర మీది వెలుగును మీరంతా చూశారు. ఆ వెలుగు పుట్టే చోటు ఎంత వేడిగా వుంటుందో కేబిన్‌లోకి వెళ్ళినవాడికే తెలుసు. ఆ రోజుల్లో రెండు కార్బన్ కడ్డీలు దగ్గర పెట్టి, వాటి మధ్య నిప్పు పుట్టించి, ఆ వెలుగులోనే బొమ్మ వేసేవారు. కడ్డీలు కాలి అరుగుతూ వుంటాయి. వాటిని జరుపుతూ వుండాలి. ఏమరితే తెర మసకేస్తుంది, హాల్లో ఈలలు! సెకనుకు 24 బొమ్మలు. వెయ్యి అడుగుల ఫిల్ము పదకొండు నిమిషాలు. రీలు చివర తెర మీద కుడి మూలన ఒక చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మెషీను అందుకోవాలి. మా నాన్న సినిమా చూడలేదు. ఆ చుక్కనూ, ఫోకస్‌నూ చూశాడు.

2010 తర్వాత కొద్ది ఏళ్ళలోనే రీళ్ళు పోయి, అన్నిచోట్లా డిజిటల్ వచ్చేసింది. నాన్న ఇంటికొచ్చేశాడు. కొన్నాళ్ళకు హాలూ మూతపడింది. నేను డిగ్రీ చదివి, చేస్తున్న ఉద్యోగం వదిలేసి రాతల్లో పడ్డానని ఆయనకు కోపం. పైకి అనడు. అన్నం తింటూ, "ఈ నెలేటైనా వచ్చిందా?" అంటాడు. అంతే.

దానికి తోడు రెండేళ్ళ కిందట ఆయన కళ్ళకు నీటికాసులని తేల్చారు డాక్టర్లు. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందు వేస్తే వున్నది నిలబెట్టుకోవచ్చునన్నారు. ఈ జబ్బులో చాలామందికి పక్కచూపు ముందు పోతుంది. మధ్యలో మాత్రం కొంతకాలం తేటగానే వుంటుంది. నాన్న ఒకసారి అమ్మతో అంటుంటే విన్నాను: "లోకమంతా ఇప్పుడు కేబిన్ కన్నంలోంచి సూసినట్టే వుంటాది."

చీటీ చేతిలో పట్టుకుని ఇంటికెళ్ళేసరికి తెలిసిన కబురు, హాలు పడగొడుతున్నారు. కల్యాణమండపం కడతారట. నాన్నను అడిగాను, "ఒకసారి వెళ్దామా?" అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చొక్కా వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కేబిన్‌లో పాత మెషీను ఇంకా వుంది. నాన్న దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను చకచకా తీశాను. వెలుతురు లేదు గనక అపెర్చర్ 1.8కి తెరిచాను. ఇంటికొచ్చి, పెద్ద సైజు ప్రింటు వేయించి, ఎంతో గర్వంగా ఆయన చేతిలో పెట్టాను. కిటికీ దగ్గరికి తీసికెళ్ళి, తల మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ, కాస్త కాస్తగా వెదికి చూశాడు. చూసి అన్నాడు:

"ఫోకస్ లేదురా."

నాకు గుండె జారిపోయింది. ఆయన కళ్ళే అలా వున్నాయేమో ననుకున్నాను. పాపం, ఏమనగలను? రాత్రి కంప్యూటరులో పెద్దది చేసి చూద్దును కదా, నిజంగానే ఫోకస్ లేదు! అపెర్చర్ అంత తెరిస్తే తేటగా వచ్చేది చాలా పల్చటి పొర. నా ఫోకస్ మెషీను మీది ఇనుప చక్రం మీద పడింది. నాన్న కళ్ళ మీద పడలేదు. సగం చూపు పోయిన మనిషి కనిపెట్టాడు. రెండు కళ్ళున్న నేను చూళ్ళేదు.

నేను తీసింది హాలును. ఆపరేటరును కాదు.

కన్నంలోంచి

ఆదివారానికింకా ఒక్కరోజు టైముంది. "ఇంకోసారి వస్తావా నాన్నా?" అన్నాను. ఈసారి చొక్కా ముందే వేసుకుని వున్నాడు.

వెళ్ళేసరికి మెషీను లేదు. పాతసామాన్ల వాడు పట్టుకుపోయాడు. అంతకంటె ముఖ్యం, హాలు పైకప్పు రేకులు దించేశారు. మెట్లింకా గట్టిగానే వున్నాయని చెప్పి కావలివాడు మాతోనే పైకి వచ్చాడు. కేబిన్ చీకటి. నేల మీద నాలుగు బోల్టుల గుర్తులు. నాన్న అలవాటు చొప్పున గోడ కన్నం దగ్గరికి వెళ్ళి వంగాడు.

ఎన్ని వేల ఆటలు! ఆ కన్నంలోంచి వెలుగు ఎప్పుడూ కేబిన్‌లోంచి హాల్లోకే పోయింది. ఆ రోజు హాలంతా ఎండ నిండిపోయి, ఆ కన్నంలోంచే వెలుగు వెనక్కి వచ్చి ఆయన మొహం మీద పడింది. ఒక కన్ను, ముక్కు, చెంప మీది ముడతలు. మిగతాదంతా నలుపు.

'మాయాబజార్' (1957)లో పడవ పాట వెన్నెల నిజం వెన్నెల కాదు. మార్కస్ బార్ట్‌లే లైట్లతో కాయించిన వెన్నెల. అలా వెలుగును సృష్టించగలిగినవాళ్ళు మహానుభావులు. 'శంకరాభరణం' (1980) తీసిన బాలు మహేంద్ర వున్న వెలుగునే నమ్ముకున్న మనిషి. నాబోటివాడు సృష్టించనూ లేడు, నమ్మి కూర్చోనూ లేడు. కాని ముప్ఫై వారాలు చీటీల వెంట తిరిగినందుకు, ఆ వెలుగు వచ్చినప్పుడు గుర్తుపట్టగలిగాను. అపెర్చర్ 2.8 చేశాను, ఐఎస్‌ఓ 800, సెకనులో అరవయ్యో వంతు. ఫోకస్ ఈసారి కంటిపాప మీద పెట్టాను. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. మూడే నొక్కాను.

ప్రింటు వేయించేటప్పుడు మొదటిసారిగా చూసేవాడి గురించి ఆలోచించాను. పక్కచూపు లేని మనిషికి ఫొటోలో మూలల్లో ఏం పెట్టినా దండగ. అందుకని మొహం మధ్యలోకి వచ్చేట్టు కత్తిరించాను. నలుపు నల్లగా, తెలుపు తెల్లగా వుండనిచ్చాను. ఆదివారం మావయ్య దాన్ని చూసి, "దీనికి టీ చాలదురా అల్లుడూ" అని, షాపు అద్దంలో పెడతానన్నాడు. వద్దన్నాను. ముందు చూడాల్సినవాళ్ళు వేరే వున్నారు.

నాన్న కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఈసారి తల తిప్పలేదు. ఫొటోను కొంచెం దూరం పెట్టి, దగ్గర పెట్టి, ఒక చోట ఆపాడు. అచ్చం లెన్సు తిప్పినట్టు. అమ్మ వంటింట్లోంచి వచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"ఫోకస్ వున్నాది" అన్నాడు.

కాసేపాగి, "ఈ వారం పత్రికోళ్ళకి పంపుతావా?" అని అడిగాడు. ఈ నెల ఏమైనా వచ్చిందా అని అడగలేదు!

మరి మీరు?

ఇదంతా చదివి మీలో ఎవరికైనా చెయ్యి దురదపెడితే, కొత్త కెమేరా కొనమని ఇంట్లో గొడవ చేయకండి. చేతిలో వున్న సెల్‌ఫోను చాలు. సీసా ఒకటి, చీటీలు 52. మాటలు మాత్రం మీరు రాసుకోవద్దు. ఎవరిచేతనైనా రాయించండి. మన మాటలు మనమే రాసుకుంటే మనకొచ్చినవే తీస్తాం. వారానికి ఒక్కటే చూపించండి. వందలోంచి ఒక్కటి ఏరడంలోనే సగం విద్య వుంది. చూపించేది లైకులు కొట్టేవాళ్ళకు కాదు, 'ఫోకస్ లేదు' అని మొహం మీద చెప్పేవాళ్ళకు. అలాంటివాళ్ళు మీ ఇంట్లోనే వుండి వుంటారు, మీరడిగి వుండరు.

అన్నట్టు, నా ఏడాది ఇంకా పూర్తి కాలేదు. ఆ ఆదివారం సాయంత్రమే మా మేనకోడలు సీసాలో చెయ్యి పెట్టి తర్వాతి చీటీ తీసింది. విప్పి చూస్తే 'ఉల్లిపాయ'!

నవ్వకండి. కన్నీళ్ళొచ్చే సబ్జెక్టే కదా, ఏదో ఒకటి చేస్తాను!